బెల్లం రంగు

సంక్రాంతి ముందు అరిసెలకి బెల్లం కొనడం మా అనకాపల్లి ఆడవాళ్ళకి చిన్న పనేం కాదు. ఎక్కడెక్కడి రాష్ట్రాలకో మా ఊరి యార్డు నుంచి బెల్లం లారీలు వెళ్తుంటే, మా ఇంట్లో పాకం కుదరకపోతే పరువు పోదూ? అందుకని ఆ రోజు నేనే సంచీ పట్టుకుని బయల్దేరాను.

కొట్లో రెండు దిమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పసుపు కలిపిన వెన్నముద్దలా మెరిసిపోతోంది. రెండోది పాత టేకు బీరువా రంగులో ఉంది. నేను రెండోదానివైపు చెయ్యి చూపించేసరికి కొట్టతను నామీద జాలిపడ్డాడు.

"అది మూడో రకం అమ్మగారూ. తెల్లది తీసుకోండి. సుట్టాలొస్తే బాగోదు."

"తెల్లగా ఎలా వచ్చిందో నాకు తెలుసులే నాయనా!"

అతను నవ్వేశాడు. "తెలిస్తే ఏటమ్మా! తెల్లగుంటేనే రేటు. నల్లగుంటే ఎవుడు సూస్తాడు?"

మా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వెనకటి రోజుల్లో చెరకు రసం పెనంలో మరుగుతుంటే బెండకాడల జిగురో, కాస్త సున్నమో వేసి పైకి తేలిన తెట్టు తీసేసేవారు. వచ్చిన రంగే బెల్లం రంగు. ఇప్పుడు చాలాచోట్ల హైడ్రోస్ అనే పొడి చల్లుతున్నారు. పూర్తి పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల మిల్లుల్లో రంగు విరవడానికి వాడే రసాయనం అది. చల్లిన కాసేపటికే ముదురు పాకం బంగారంలా మారిపోతుంది. దాని గంధకం మాత్రం బెల్లంలోనే ఉండిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆ తెలుపు నిలిచేది కాదు. కొన్నాళ్ళు నిలవుంచితే మళ్ళీ నల్లబడుతుంది. ఊళ్ళో 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. మంచి బెల్లం ఎలా వండాలో చెప్పేవాళ్ళకి కొదవ లేదు. అయినా మన కళ్ళు తెలుపునే వెతుక్కుంటాయి.

ఏదో ఘనకార్యం చేసినట్టు నల్లబెల్లం మోసుకుని ఇంటికొచ్చాను. వచ్చేసరికి మా చెల్లెలి కూతురు విశాఖ నుంచి దిగి ఉంది.

పిల్లకి ఇరవై ఒక్క ఏళ్ళు. వచ్చిందంటే ఇల్లంతా తనదే అన్నట్టు తిరిగే పిల్ల, ఆ రోజు చున్నీ ముఖానికి చుట్టుకుని కిటికీకి దూరంగా కూచుంది. "ఎండా అమ్మడూ?" అంటే తల ఊపింది. చున్నీ తీశాక చూద్దును కదా, బుగ్గలు కందిపోయి ఉన్నాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడి, లోపలి ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తున్నాయి. గడ్డం మీద మొటిమలు, చెంపల మీద సన్నని నూగు. స్టవ్ దగ్గర నిలబడితే చాలట, ముఖం భగ్గుమంటోందట.

కూపీ లాగితే చిన్న ట్యూబు బయటపడింది. ఎవరో స్నేహితురాలు చెప్పిందిట. మందుల షాపులో ఏ చీటీ అడక్కుండా ఇచ్చారుట. "రెండు వారాల్లో తెల్లబడ్డాను పెద్దమ్మా, నిజం! అందరూ మెచ్చుకున్నారు. మానేస్తే మాత్రం మండిపోతోంది. మళ్ళీ రాస్తే తగ్గుతోంది," అంది.

మర్నాడే చర్మవైద్యురాలి దగ్గరకి తీసుకెళ్ళాను. ఆవిడ ట్యూబు తిప్పి చూసి ఒక్క నిట్టూర్పు విడిచింది. ఇలాంటి ముఖాలు వారానికి ఎన్నో చూస్తున్నానంది. అందులో ఉన్నది స్టెరాయిడు. మొమెటజోన్, బీటామెథజోన్, క్లోబెటజాల్, పేరు ఏదయినా జాతి ఒకటే. గజ్జి కాదు, తామర కాదు, ఎగ్జిమా లాంటి జబ్బులకి డాక్టరు చెప్పినన్నాళ్ళు రాసుకుంటే అది మంచి మందే. ముఖానికి స్నో రాసినట్టు రోజూ రాస్తే మాత్రం మొదట రక్తనాళాలు ముడుచుకుని, రంగు పుట్టించే కణాలు మందగించి, ముఖం తెల్లగా కనిపిస్తుంది. ఆ తరవాత చర్మం పలచబడుతుంది. నాళాలు వాచి పైకి తేలతాయి. మొటిమలూ వెంట్రుకలూ వస్తాయి. హఠాత్తుగా మానితే ముఖం మీద తిరగబడుతుంది. నల్లమందు అలవాటు లాంటిదన్నమాట. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడు లేపనాలు ఎన్నింటినో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉత్తర్వే, ట్యూబు ట్యూబే.

"ఇది నయం," అంది డాక్టరు. "పేరూ ఊరూ లేని డబ్బాల్లో పాదరసం ఉంటుంది." కేరళలో మలప్పురం జిల్లా కోటక్కల్ డాక్టర్లు, 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరకొచ్చిన ఒక రకం మూత్రపిండాల జబ్బువాళ్ళను పరీక్షించారుట. 22 మందిలో 15 మందికి అరుదైన ఒకే లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే! రంగు తయారుకాకుండా పాదరసం అడ్డుపడుతుంది, నిజమే. కానీ చర్మంలోంచి రక్తంలోకి దిగి మూత్రపిండాలను పట్టుకుంటుంది. జపాన్‌లో పాదరసంతో అల్లాడిపోయిన మినమాటా ఊరి పేరు మీద 2013లో ఎన్నో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అలాంటి సౌందర్య సాధనాలు 2020 కల్లా పోవాలని గడువు పెట్టుకున్నాయి. అయినా పోలేదని కోటక్కల్ చెబుతోంది.

ఇంటికి వచ్చాక ఊరుకోవచ్చు కదా! పెద్దమ్మను కాబట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. కృష్ణుడు నలుపు కాదా, ద్రౌపది నలుపు కాదా, నలుపు నారాయణ మెచ్చు అన్నారు కదా అంటూ దండకం చదివాను. పిల్ల ఓపిగ్గా విని, మెల్లిగా అడిగింది:

"నారాయణుడు మెచ్చాడు, సరే. నీ నవలల్లో ఎవరు మెచ్చారు పెద్దమ్మా? నీ హీరోయిన్లలో ఒక్క నల్లపిల్ల ఉందా?"

నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి బీరువా తెరిచి నా పుస్తకాలు నేనే తిరగేశాను. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. నా నాయికలంతా పసిమిఛాయ, దంతపు బొమ్మలు, మేలిమి బంగారాలు. చీకట్లో దీపం అక్కర్లేని పిల్లలు. నల్లపిల్ల లేకపోలేదు. ఒక నవలలో ఉంది. నాయిక ఇంట్లో అంట్లు తోముతుంది.

నేను ఎవరికీ ఏ ట్యూబూ అమ్మలేదు. కానీ ఆ ట్యూబు అవసరమనిపించిన ఊహ ఎక్కడ పుట్టింది? పిల్ల పుట్టగానే "రంగు ఎవరిది వచ్చింది?" అని అడిగింది మనం. కడుపుతో ఉన్న కోడలికి పాలల్లో కుంకుమపువ్వు కలిపి ఇచ్చింది మనం. మా చెల్లి ఈ పిల్లకి ఆరో ఏట నుంచీ సున్నిపిండి అరగదీసి రుద్దేది. అప్పుడు పక్కన నిలబడి "బుగ్గలు ఇంకాస్త రుద్దవే" అన్నది నేనే. అంతా ప్రేమతోనే సుమండీ! ఈ విషయంలో దుర్మార్గులు ఎక్కడా దొరకరు. అదే చిక్కు.

ఇంతలో అమెరికా నుంచి మా మేనకోడలి ఫోను. సంగతంతా చెప్పాను. పకపకా నవ్వింది. "ఇక్కడ తెల్లపిల్లలు నల్లబడడానికి డబ్బిచ్చి దీపాల పెట్టెలో పడుకుంటున్నారు అత్తా!" అంది. పెట్టె అంటే మంచంలాంటిది. పైనా కిందా అతినీలలోహిత కిరణాల దీపాలు. మూత వేసుకుని పది నిమిషాలు పడుకుంటే చర్మం గోధుమరంగుకి తిరుగుతుందిట. అలా తిరగడం అందం కాదు, చర్మం పెట్టే కేక. కిరణాలు కణాల్లోని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంటే, కాచుకోవడానికి చర్మం హడావిడిగా గొడుగు తెరుస్తుంది. ఆ గొడుగు పేరే మెలనిన్. మన పిల్లలకి పుట్టుకతో దేవుడిచ్చినదీ, మనం రుద్ది రుద్ది వదిలించాలని చూసేదీ అదే! ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో ఈ దీపాల మంచాలను పొగాకుతో పాటు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వరసలో చేర్చింది. 35 ఏళ్ళ లోపు ఈ అలవాటు మొదలుపెట్టినవాళ్ళకి మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే సగానికి పైగా ఎక్కువట. బ్రెజిల్ 2009లోనే వీటిని నిషేధించింది. తరవాత ఆస్ట్రేలియా ఈ వ్యాపారాన్ని మూయించింది. ఇంగ్లండులో 2011 నుంచి 18 ఏళ్ళు నిండనివాళ్ళకి ప్రవేశం లేదు.

ఒకప్పుడు ఐరోపాలోనూ తెలుపే గొప్ప. ఎండలో పొలం పనులు చేసేది పేదవాళ్ళు కదా! పేదవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళి ఎండ మొహం చూడకుండా పాలిపోయాక, సముద్రపుటొడ్డున సెలవులు గడిపే తీరికకి గోధుమరంగు గుర్తయింది. మన దగ్గర ఇంకా మొదటి లెక్కే నడుస్తోంది. అక్కడి పిల్లా ఇక్కడి పిల్లా కోరేది నిజానికి రంగు కాదనిపిస్తుంది నాకు. "నేను ఎండలో కూలికి పోయేదాన్ని కాను" అనో, "నాకు సెలవులు గడిపే స్తోమత ఉంది" అనో ముఖం మీద రాసుకోవడం. ఆ రాతకి సిరా మాత్రం ఒంట్లోంచే తియ్యాలి.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న ఎదురయింది. ప్రమాదం కాబట్టి వద్దంటున్నాం, బాగానే ఉంది. రేపు ఏ ప్రమాదమూ లేని క్రీము వచ్చిందనుకోండి. అప్పుడు రాసుకోవచ్చా?

మా చెల్లి ఠక్కున "ఎందుకు రాసుకోకూడదూ? నువ్వు జుట్టుకి రంగు వెయ్యడం లేదూ?" అంది. అదీ నిజమే. నలభై దాటిన దగ్గర నుంచీ నెలకోసారి వేస్తూనే ఉన్నాను. కాటుక, పసుపు, గోరింటాకు, ఇవన్నీ ఉన్న ఒంటికి రంగులద్దడమే కదా. అలంకారం తప్పయితే ఆడజన్మలో సరదా ఏముంది?

చాలాసేపు ఆలోచించాను. అలంకారానికీ క్షమాపణకీ ఒక తేడా ఉంది. గోరింటాకు పెట్టుకోని రోజు కూడా మనం చెయ్యి చాచగలం. అది అలంకారం. రాసుకోని రోజు గడప దాటలేకపోతే అది అలంకారం కాదు. ఇలా పుట్టినందుకు లోకాన్ని క్షమించమని రోజూ వేడుకోవడం. క్రీములో విషం లేకపోయినా ఆ వేడుకోలులో ఉంటుంది. ఈ కొలతతో కొలిస్తే నా జుట్టు రంగు ఏ వైపు వస్తుందీ అని అడుగుతారేమో. పోయిన నెల రంగు వెయ్యడానికి తీరిక లేక ఒక సభకి వెళ్ళడం మానేశాను. జవాబు మీకే తెలుసు.

కాబట్టి పిల్లని తప్పుపట్టే అర్హత నాకు అంతగా లేదు. చట్టాలు ఉండాలి, చీటీ లేకుండా మందు అమ్మేవాళ్ళని పట్టుకోవాలి, సందేహం లేదు. కానీ చట్టం సీసా మీద పేరు వరకే వెళ్ళగలదు. మన దేశంలో 1975లో వచ్చి ఇంటింటికీ తెలిసిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసింది. మన నోట్లోంచి ఆ మాట తీసే చట్టం ఏదీ లేదు. రైతు హైడ్రోస్ సరదాకి చల్లడు. క్వింటాకి ధర తగ్గిపోతుందని చల్లుతాడు. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల కూడా అంతే. ధర నిర్ణయించే కళ్ళు మనవి.

పిల్ల నెల రోజులు నా దగ్గరే ఉంది. డాక్టరు చెప్పినట్టు మందు మెల్లమెల్లగా తగ్గించింది. మధ్యలో ముఖం ఎర్రబడి రెండు రాత్రులు ఏడ్చింది. తడిగుడ్డ వేసి పక్కన కూచున్నాను. పూర్తిగా మామూలు కావడానికి ఇంకా నెలలు పడుతుందిట. పండగకి అరిసెలు ముదురు రంగులో వచ్చాయి. ఒక చుట్టం "మాడాయా?" అని అడగనే అడిగింది. "తిని చెప్పండి," అంది పిల్ల. ఆవిడ నాలుగు తింది.

మొన్న మా చెల్లి ఫోన్ చేసింది. సంబంధం వచ్చిందిట, ఫొటో పంపమన్నారుట. "ఉన్నదున్నట్టు తీసింది పంపమ్మా, వేరేది వద్దు" అని పిల్ల పట్టుబట్టిందిట. పంపనా వద్దా అని మా చెల్లి నన్నడిగింది.

"తప్పకుండా పంపు. మెచ్చినవాళ్ళే వస్తారు," అన్నాను ధీమాగా.

నాకు మూడు ఫొటోలు వచ్చాయి, ఏది పంపాలో చెప్పమని. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని, వాటిలో కాస్త వెలుతురు ఎక్కువ పడ్డది ఏరి చెప్పింది ఎవరనుకున్నారు? నేనే.