డబ్బిచ్చి తిన్న అన్నం

వండిన అన్నం అమ్ముకోకూడదని మా నాయనమ్మ అనేది. ఎందుకని అడిగితే పాపమనేది, అంతకు మించి చెప్పేది కాదు. మనుస్మృతి పదో అధ్యాయంలో, కష్టకాలంలో వ్యాపారానికి దిగిన బ్రాహ్మణుడు అమ్మకూడని సరుకుల్లో వండిన అన్నం కూడా ఉందని చాలా ఏళ్ల తర్వాత నాకు తెలిసింది. ఒక కులానికి ఒక సందర్భంలో చెప్పిన మాట, మగ్గం తప్ప మరొకటి ఎరగని మా నాయనమ్మ దాకా ఎలా నడిచి వచ్చిందో గాని వచ్చింది. గోదావరి లంకలో దారినపోయే వాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని (1841–1909) మనం చేతులెత్తి తలచుకుంటాం. తలచుకోవలసిందే. కాని కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ కూడా అన్నం పెట్టిన మనిషే. గిరీశం ఆమె ఇంట్లో తిని, ఆమె డబ్బు వాడేసుకుంటే, చీపురుకట్ట పట్టుకుని వచ్చిన ఆమెను చూసి మనం నవ్వుతాం. నేనూ నవ్వాను.

నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. నా ప్రశ్న చిన్నది. డబ్బిచ్చి తిన్న అన్నానికి ఋణం మిగులుతుందా?

మా నాయిన నల్లగొండ జిల్లా నుంచి బొంబాయి వచ్చి బట్టల మిల్లులో సాంచా నడిపాడు. మేముండే చాల్‌లో రెండో అంతస్తు చివరి గదిలో ఒకావిడ ఖానావళ్ నడిపేది. మా నాయిన ఆమెను అక్కా అనేవాడు, నాకు అత్తమ్మ. మొగుడు పోయాక మొదలుపెట్టిందట. ఊళ్లో పెళ్లాంపిల్లల్ని వదిలి వచ్చిన మిల్లు పనివాళ్లు, ఇరవైమంది దాకా, ఆమె దగ్గర మెంబర్లు. పొద్దుటి పాళీకి పోయేవాళ్ల కోసం తెల్లవారక ముందే కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొట్టేది. జొన్నరొట్టె, పప్పు, కొంచెం అన్నం, పచ్చిపులుసు. నెలకింతని రేటు. తినని రోజుకు ‘ఖాడా’ అని తగ్గించాలి. పగార్ రోజున మెంబర్లు కడితే ఆమె కిరాణా సేఠ్‌కు కట్టేది. సేఠ్ వడ్డీ వేసేవాడు.

ఇలాంటి ఆడవాళ్లు ఆ మిల్లుల పేటలో ఎందరో. 1975లో ప్రేమా పురవ్ అనే కార్మిక నాయకురాలు వాళ్లను కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండలి పెట్టి, జాతీయ బ్యాంకుల నుంచి అప్పులిప్పించారు. బీదవాళ్లకు 4 శాతం వడ్డీకి అప్పిచ్చే పథకం 1972 నుంచి ఉంది. మా అత్తమ్మ మాత్రం ఆ మండలిలో చేరలేదు. కాగితం మీద వేలిముద్ర వేయడమంటే ఆమెకు భయం.

ఆ భయం వల్లే ఆమె లెక్కలు నా చేతికొచ్చాయి. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివేవాణ్ణి. సాయంత్రం ఆమె చెబుతుంటే పొడుగు పుస్తకంలో రాసేవాణ్ణి. నేను రాసిన మొదటి లెడ్జరు అదే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని మానేశారు. నెల తిరిగేసరికి పగార్ లేదు. కొందరు ఊళ్లకు పోయి పొలం పనుల్లో పడ్డారు. మా అమ్మనూ చెల్లెళ్లనూ నాయిన ఊరికి పంపి, బడి పోతుందని నన్ను ఉంచుకున్నాడు. మేమిద్దరం కూడా అత్తమ్మ దగ్గరే తినడం మొదలుపెట్టాం.

ఇప్పటి బ్యాంకు నియమం ప్రకారం తొంభై రోజులు బాకీ కదలకపోతే అది మొండిబాకీ. ఆ లెక్కన ఏప్రిల్ దాటేసరికి ఆమె మెంబర్లంతా మొండిబాకీలే. వ్యాపారం ముగిసినట్టే. అయినా కంచాలు పడుతూనే ఉన్నాయి. అక్కణ్ణుంచి ఆమె చేసింది అమ్మకమా, దానమా?

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. పప్పులో నీళ్లు పోసేది. నోరు మంచిది కాదు. రొట్టెలు నాలుగు నుంచి మూడు చేసింది. మెడలోని గుండ్లు ఒక్కొక్కటే మార్వాడీ దగ్గరికి పోయాయి. ఎవరైనా మొహమాటపడి ఒక పూట రాకపోతే నా చేత ఖాడా రాయించేది కాదు. “రాకపోతే నాకు నష్టమా, వానికి నష్టమా? వండింది వండినట్టే ఉంది. పైసలు రాయి” అనేది. ఆ తిట్టు తిని వాడు మర్నాడు వచ్చి కూర్చునేవాడు.

అప్పుడు నాకది పిసినారితనంలా కనిపించింది. ఈ మధ్యే, నలభై ఏళ్ల తర్వాత, మరోలా తోస్తోంది. పుస్తకంలో పద్దు రాసి ఉన్నంతకాలం ఆ మనుషులు బిచ్చానికి వచ్చినవాళ్లు కారు, ఖాతాదారులు. తలెత్తుకుని కూర్చుని, పులుసులో ఉప్పు తక్కువైందని గట్టిగా అనగలిగేవాళ్లు. ఉచితంగా పెట్టిన అన్నం మీద ఉప్పు తక్కువైందని ఎవరంటారు? సీతమ్మగారి దానం వెనుక పొలముంది. ఈమె వెనుక సేఠ్ వడ్డీ ఉంది. ఇద్దరిలో ఎవరు గొప్పని నేనడగడం లేదు. అమ్మకం కూడా ఒక్కోసారి ఎదుటివాడి మర్యాద కాపాడుతుందని మన పుణ్యపాపాల లెక్కలో ఎక్కడా రాయలేదు, అంతే.

దీనికి ఎదురు వాదం నాకు తెలుసు. కామర్సు చదివినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కొన్న ప్రతి వస్తువు మీదా ఋణం మిగులుతుందంటే మనిషి బజారుకు పోలేడు. ధర కట్టి ఎవరి దారిన వాళ్లు పోవడానికే కదా రూకలు పుట్టింది. ఒప్పుకుంటాను. ఆమె మెంబర్లు కట్టినన్నాళ్లు ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

నా సంగతి వేరే ఉంది. మా నాయిన పేర రోజూ ఒక పద్దు రాసేవాణ్ణి. నాది రాయబోతే మొదటిరోజే ఆపింది. “నువ్వు లెక్క రాస్తున్నవు గద బిడ్డా. అది నీ కూలి.” అంతకు ముందు రెండేళ్లు రాసినప్పుడు కూలి మాట ఎవరూ ఎత్తలేదు. పద్నాలుగేళ్ల నాకు గర్వంగానే ఉండింది, సంపాదించి తింటున్నానని.

1983లో నాయిన భీవండి పవర్‌లూములకు వెళ్లిపోయాడు. మిల్లు మళ్లీ పిలవలేదు. పుస్తకంలో ఆయన పేర మిగిలింది 412 రూపాయలు. అది నా చేతిరాతే కనుక నాకు మరుపు రాలేదు. ఆయన 1991లో పోయాడు. నేను బ్యాంకులో చేరిన మరుసటేడు, 1994లో, ఆ డబ్బు పట్టుకుని వెళ్లాను. చట్టప్రకారం మూడేళ్లకే ఆ బాకీకి కాలదోషం పట్టింది. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పాత ధర్మాన్ని 2005 సవరణలో చట్టం కూడా వదిలేసింది గాని, అప్పటికింకా ఉంది. వడ్డీ ఎంత వేయాలో దారిపొడుగునా లెక్కవేశాను. నాలుగు శాతమా, మా బ్యాంకు రేటా, సేఠ్ రేటా?

గదిలో ఇద్దరే మెంబర్లు తింటున్నారు. పుస్తకం ఎప్పుడో చెదలు తిన్నదట. మా నాయిన ఎంత ఇవ్వాలో ఆమెకు గుర్తు లేదు. ఆయన వంకాయ ముట్టడని గుర్తుంది. 412 రూపాయలు రెండుసార్లు లెక్కపెట్టి బొడ్లో దోపుకుంది. వడ్డీ అంటే మాత్రం, “నేనేమన్న సేఠ్‌నా?” అంది. తిని పొమ్మంది. బండికి వేళయిందని లేచాను.

మెట్లు దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. నిజం చెప్పాలి, వడ్డీ డబ్బు మిగిలినందుకు కూడా. మా అందరి కోసం సేఠ్‌కు ఆమె తన జేబులోంచి కట్టిన వడ్డీ ఉందని, నేను తీసుకువెళ్లింది అందులో భాగమేనని, ఋణాల మీద బతికే ఉద్యోగంలో ఉన్న నాకు ఆ రోజు తట్టలేదు. తట్టాక మళ్లీ వెళదామనుకున్నాను. బదిలీలు, పిల్లల చదువులు. వెళ్లేసరికి ఆ గదికి వేరే తాళం ఉంది. ఊరికి పోయి అక్కడే పోయిందని పక్కగదివాళ్లు చెప్పారు. ఆ చుట్టుపక్కల మిల్లు జాగాల్లో మాల్‌లు లేచాయి.

ఇప్పుడు సోలాపూర్ శాఖలో చేస్తున్నాను. పోయిన నెల మన తెలుగావిడే ఒకామె, రొట్టెలు చేసి అమ్ముతుందట, ముద్రా రుణానికి వచ్చింది. ఖర్చుల కాగితం తెచ్చింది: జొన్నలు, గ్యాసు, మర పట్టించిన కూలి, రిక్షా.

“మీ కూలి రాయలేదేమమ్మా?” అన్నాను.

“నా కూలి ఎవరిస్తరు సారూ?” అంది.

కాగితం నా వైపుకు తిప్పుకుని, కింద ఒక గీత గీసి, ఎంత రాయాలో తెలియక కొంచెంసేపు అలాగే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వెనక వరసలో ఇంకా నలుగురున్నారు.