మామునూరు నుంచి బసంత్‌నగర్‌కు: దూరమూ కాలమూ అభావమూ

వరంగల్ శివారులోని మామునూరు విమానాశ్రయానికీ, రామగుండం దగ్గరి బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్‌కూ మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 90 కిలోమీటర్లు. గంటకు 360 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి అది పావుగంట ప్రయాణం. అయితే ఏడో నిజాం కాలంలో 1930లో వెలసిన మామునూరులో 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి కనుక, ఎవరూ చేయని ఆ పావుగంట ప్రయాణం ఉన్నట్టా, లేనట్టా అన్న ప్రశ్న తార్కికుల పరిశీలనకు తగినది.

కణాదుడు ప్రవర్తింపజేసిన వైశేషిక దర్శనం దూరాన్ని 'పరత్వం' అనే గుణంగా, సామీప్యాన్ని 'అపరత్వం'గా లెక్కించింది. మామునూరులో నిలబడ్డ మనిషికి హుజూరాబాద్ కన్నా బసంత్‌నగర్ దూరమనిపించడానికి కారణం, హసన్‌పర్తి, ఎల్కతుర్తి అంటూ ఒక చోటును ఆనుకుని మరొక చోటుగా సాగే సంయోగాలు నడుమ ఎక్కువగా ఉండటమూ, ఆ రెండు ఊళ్లనూ పోల్చి చూసే 'అపేక్షాబుద్ధి' పుట్టడమూ. అంటే దూరం ఒక ఊరిలో స్వతహాగా ఇమిడి ఉండేది కాదు, పోలికతో పుట్టేది.

ప్రయాణకాలం సంగతి వేరు. కాలం వల్ల కలిగే పరత్వం ఒకటుందని 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పినా, అది పెద్దవాడు, చిన్నవాడు అనే వయోభేదానికి సంబంధించినది. ప్రయాణానికి పట్టే సమయమేమో 'కర్మ', అనగా చలనం, సాగినంత సేపటి కొలత. అందుకే ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లుంటే అదే 90 కిలోమీటర్లకు దాదాపు 17 నిమిషాలు పడుతుంది, ఆ గాలే వెనక నుంచి వీస్తే పద్నాలుగు నిమిషాలైనా పట్టదు. నేల మీది సంయోగాలు ఒక్కటీ మారకుండానే కాలం మారిందంటే, దూరాన్ని నిమిషాల్లో చెప్పే అలవాటు గుణం, కర్మ అనే రెండు వేర్వేరు 'పదార్థాలను', అంటే వైశేషికులు చెప్పే తెగలను, కలిపేస్తున్నదనే అనాలి.

కాబట్టి మామునూరులో నశించింది దూరం కాదు, కర్మ. ఇక్కడ ఆ దర్శనంలోని అభావ విచారం, అంటే లేమిని గురించిన చర్చ, ఎంతో ఉపకరిస్తుంది. ఒకనాడు ఎగిరి ఆగిన విమానాల లేమి 'ప్రధ్వంసాభావం'. దానికి ఆది ఉంది, అంతం లేదు. ఇంకా పుట్టని దాని లేమి 'ప్రాగభావం'. దానికి ఆది లేదు, అంతం ఉంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి ఆమోదం తెలిపినప్పుడు దాన్ని పునరుద్ధరణ అన్నారు గానీ, శాస్త్రదృష్టిలో పాత విమానం తిరిగి రాదు. కొత్త విమానం ఎగిరిన క్షణాన అంతమయ్యేది దాని ప్రాగభావమే. పైగా పుట్టబోయే వస్తువుకే ప్రాగభావం ఉంటుంది, ఎన్నడూ పుట్టని దానికి ఉండేది 'అత్యంతాభావం'. బసంత్‌నగర్‌లోనూ రోజువారీ ప్రయాణికుల విమానాలు లేవు గనుక, ఆ రెండు రన్‌వేల నడుమ ఉన్న లేమి ఈ రెండింటిలో ఏదన్నది విమానం ఎగిరితే తప్ప నిర్ణయం కాదు.