బ్రహ్మ స్థానం

మందుల షాపు పెట్టాలనుకున్నవాళ్లకి గది తేలిగ్గానే దొరుకుతుంది. చిల్లర షాపుకి పది చదరపు మీటర్లు చాలు. దొరకనిది ఫార్మసిస్టు. పాతికేళ్ల కిందట ఒక తెలిసినాయనకి అలా నేను దొరికాను. అప్పటికి డీఫార్మసీ పూర్తిచేసి, మందుల కంపెనీ రెప్‌గా ఊళ్లు తిరుగుతున్నాను. ఆయన అడిగితే సర్టిఫికెట్ ఇచ్చాను. నెలనెలా డబ్బు ముట్టేది. షాపు గోడమీద లైసెన్సు పక్కన అద్దాల ఫ్రేములో నా కాగితం ఉండేది. నేను ఉండేవాణ్ణి కాదు.

తెలియక చేశానని చెప్పలేను. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ పరీక్ష కోసం బట్టీపట్టినవాణ్ణే. ఫారం 20, 21 చిల్లర అమ్మకానికి. 20బి, 21బి హోల్‌సేల్‌కి. అక్కడ ఫార్మసిస్టే అక్కర్లేదు, డిగ్రీ ఉండి మందుల అమ్మకంలో ఏడాది అనుభవం ఉన్నా సరిపోతుంది. ఫార్మసిస్టు లేకుండా అమ్మదగ్గ మందుల వరకే అయితే 20ఎ, 21ఎ. పెట్టెల లెక్కన ఇంకో షాపుకి వెళ్లే మందు వేరు, మనిషి చేతిలోంచి నోట్లోకి వెళ్లే మందు వేరు. అందుకే డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుని ఫార్మసిస్టు తానే ఇవ్వాలి, లేదా దగ్గరుండి ఇప్పించాలి అంటుంది 65వ రూలు.

ఓ సాయంత్రం డబ్బు కోసం షాపుకి వెళ్లాను. ఒక మామ్మగారు నోటిపూతకి జెల్ అడుగుతోంది. "మంచినీళ్లు కూడా దిగట్లేదు నాయనా" అంది. ఇంకేం వాడుతున్నారని అడిగితే సంచిలోంచి కవరు తీసింది. మెథోట్రెక్సేట్, ఏడున్నర మిల్లీగ్రాములు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర. చీటీలో డాక్టరు ఇంగ్లీషులో అలాగే రాశాడు. కవరు మీద షాపు కుర్రాడు 'రాత్రి 1' అని రాశాడు. స్ట్రిప్పులో ఆరు గుంటలు ఖాళీ. వారం కూడా కాలేదు.

రక్తకణాలు పడిపోయి పది రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికింది.

మా నాన్నగారు పురోహితులు. హోమాల్లో అగ్నికి దక్షిణంగా బ్రహ్మ స్థానం ఉంటుంది. కూర్చునే మనిషి లేకపోతే దర్భల కూర్చ పెట్టి అందులోకే బ్రహ్మని ఆవాహన చేస్తారు. నన్ను నేను సమర్థించుకోవాలనే అడిగాను: "అక్కడ కూర్చ చాలినప్పుడు, షాపులో నా కాగితం ఎందుకు చాలదు నాన్నగారూ?"

"కూర్చ పెట్టిన రోజు మంత్రం తప్పితే దిద్దేవాడు లేడని నాకు తెలుసురా. ఆ భయంతోనే చేస్తాను. మీ కుర్రాడికి ఆ సంగతి తెలుసా?" అన్నారు.

తర్వాత ఆయనే ఛాందోగ్యం తీసి చదివి వినిపించారు. యజ్ఞం చేయించేవాళ్లలో హోత, అధ్వర్యుడు, ఉద్గాత నోటితో పనిచేస్తారు. బ్రహ్మ మాట్లాడడు, మనసుతో చూస్తుంటాడు, ఎక్కడైనా తప్పు జరిగితే దిద్దుతాడు. విషయం తెలిసిన బ్రహ్మ ఉన్న యజ్ఞానికి వైద్యం జరిగినట్టేనట. అక్కడ ఉపనిషత్తు వాడిన మాట భేషజం. మందు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిత్యకర్మ మానేస్తే ప్రత్యవాయం, అంటే పాపం, వస్తుందని కర్మవాదులంటారు. చేయకపోవడమనేది ఒక లేమి, లేనిదాన్నుంచి ఉన్నది ఎలా పుడుతుందని శంకరాచార్యులు అభ్యంతరం చెప్పారు. అంతటివారితో వాదించే చదువు నాకు లేదు. ఆయన ప్రశ్న నిత్యకర్మ గురించి, నాది కౌంటరు గురించి. కానీ మామ్మగారి నోట్లో పుళ్లు నా కళ్లతో చూశాను. ఆ షాపులో నేను లేకపోవడం నుంచే అవి పుట్టాయి. మాత్ర ఇచ్చింది కుర్రాడే, నిజమే. అతను తప్పు చేసే వీలుందనే కదా నన్ను అక్కడ ఉండమన్నది!

ఆ నెలే ఫ్రేము దింపించాను. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసి సొంత షాపు పెట్టాను. పొద్దున తొమ్మిదింటి నుంచి కౌంటరు వెనకే ఉంటాను. భోజనానికి వెళ్తే చీటీ మందులు ఆపమంటాను. కొందరు విసుక్కుని పక్క షాపుకి పోతారు.

నిన్న ఒకాయన భార్యకి అదే మాత్ర తీసుకున్నాడు. కవరు మీద పెద్ద అక్షరాలతో 'సోమవారం మాత్రమే' అని రాశాను. బస్సుకి టైమైందని చెయ్యి చాపాడు. "మిగతా ఆరు రోజులూ?" అన్నాను.

"వెయ్యకూడదు" అన్నాక కవరు చేతికిచ్చాను.