నిలబడి వినాల్సిన చోట్లు

స్టాక్‌హోమ్ పాత పట్టణం గామ్లా స్తాన్ నడుమ స్టోర్‌టోర్యెట్ అనే చౌకు ఉంది. ఎరుపు, పసుపు రంగుల ఎత్తైన ఇళ్లు, మధ్యలో పాత బావి, ఒక పక్క నోబెల్ బహుమతుల మ్యూజియం. ఫోన్‌లో యాప్ పెట్టుకుని, ఇయర్‌ఫోన్ తగిలించుకుని అక్కడికి చేరితే మనం ఎక్కడున్నామో ఫోనే కనిపెట్టి మాట్లాడడం మొదలుపెడుతుంది. స్టాక్‌హోమ్ శివారు షిస్తాలో ఉద్యోగం చేసే మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, వాడు ఆఫీసుకు పోయాక నేను ఊరు చూసింది ఇట్లాగే. అందరూ ఫొటోలు దిగుతున్న ఆ చౌకులో నేను విన్న మొదటి సంగతి ఒక హత్యాకాండ. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ తన పట్టాభిషేకపు విందుకు వచ్చిన స్వీడన్ పెద్దల్ని పట్టి బంధించాడు. ఈ చౌకులోనే తలలు నరికించాడు. పోయినవాళ్లు ఎనభై నుంచి వంద మంది దాకా.

ఇది పుస్తకంలో చదివి ఉంటే నాకు ఒక తేదీగా మిగిలేది. నిలబడి వింటే అట్లా ఉండదు. ఏ ఇంటి కిటికీలోంచి ఎవరు చూసి ఉంటారు, రక్తం ఏ వాలుకు పారి ఉంటుంది అని కళ్లు వాటంతట అవే వెతుకుతాయి. ఒక ఊరు తనలోని అందమైన చోట పరాయి మనిషిని ఆపి, ఇక్కడ మాకు ఇట్లా జరిగింది అని చెప్పడం నాకు గొప్పగా తోచింది. అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

అయితే నడుస్తూ ఆలోచిస్తే ఆ గొప్పతనానికి ఒక హద్దు కనిపించింది. ఆ కథలో చంపినవాడు పరాయి రాజు. ఆ తరవాత తిరగబడిన గుస్తావ్ వాసా 1523లో స్వీడన్‌కు రాజయ్యాడు. గాయం దేశం పుట్టుకలో భాగమైపోయింది. అట్లాంటి గాయాన్ని చెప్పుకోవడం కష్టం కాదు. అంతకన్నా కష్టమైనది ఆ ఊరి నీళ్ల ఒడ్డునే ఉంది. 1628 ఆగస్టు 10న రాజుగారి కోట దగ్గర బయల్దేరిన వాసా అనే యుద్ధనౌక సుమారు 1,300 మీటర్లు పోయేసరికే జనం చూస్తుండగా మునిగిపోయింది. పైన ఫిరంగుల బరువు ఎక్కువ, అడుగున నిలకడ తక్కువ. ముందే ముప్పై మందిని డెక్కు మీద అటూ ఇటూ పరుగెత్తించి చూశారు. నౌక ఊగిపోతుంటే భయపడి ఆ పరీక్షనే ఆపేశారు తప్ప ప్రయాణం ఆపలేదు. రాజు తొందరపెడుతున్నాడు మరి. విచారణలో ఎవరి తప్పూ తేలలేదు. 333 ఏళ్ల తరవాత, 1961లో, దాన్ని పైకి తీసి దానికోసమే మ్యూజియం కట్టారు. సొంత రాజు, సొంత వడ్రంగులు, సొంత ఓటమి. దాన్ని పిల్లలకు చూపిస్తున్నారు.

చెప్పనివీ ఉన్నాయి. ఒకప్పుడు ఇనుము తూచి అమ్మిన చౌకు యార్న్‌టోర్యెట్‌లో వ్యాపారం గురించి బాగా చెప్పారు. స్వీడన్ ఇనుప కడ్డీలు బ్రిటిష్ వర్తకుల చేతుల మీదుగా ఆఫ్రికాలో బానిసల కొనుగోలు దాకా వెళ్లిన సంగతి నేను విన్న దాంట్లో లేదు. ఎక్కడ ఆగి వినాలో ముందుగా ఎవరో నిర్ణయిస్తారు. మిగతా చోట్లలో మనం ఆగకుండా నడిచిపోతాం.

అప్పుడే కర్ణాటకలోని మా పావగడ గుర్తొచ్చింది. మా తాలూకాకు వచ్చేవాళ్లకు ఏం వినిపిస్తుంది? శనివారాలు, శ్రావణమాసం వస్తే చాలు, బస్సులు నిండా భక్తులు దిగుతారు. శనైశ్చరస్వామి మహిమ వింటారు, శీతలాంబను దర్శించుకుంటారు, తలెత్తి కొండ మీద పాళేగాళ్ల కోటను చూస్తారు, వెళ్లిపోతారు. నిడుగల్లు కొండెక్కేవాళ్లకు చోళుల పేరు వినిపిస్తుంది. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ నేను బతికిన కాలంలో ఈ నేల మీద జరిగిన పెద్ద సంగతులకు ఆగే చోటు ఒక్కటీ లేదు.

తిరుమణి సంగతే చూడండి. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచర్లు, రాయచర్లు ఊళ్ల మధ్య దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2019 చివరికి పూర్తయినప్పుడు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. భూమి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. కరువుతో అలిసిపోయిన రైతుకు అది చిన్న మాట కాదు. కంచె పక్కన ఒక పెద్దాయన నాకు వేలు పెట్టి చూపించాడు: "ఆ మూడో వరస కింద ఉండేది మా చేను నాయనా. చెనిక్కాయ ఏస్తే పెట్టుబడి కూడా వచ్చేది కాదు. ఇప్పుడు మొగులు దిక్కు చూసే పని తప్పింది." ఆయన ముఖంలో నిశ్చింత ఉంది, నిజమైన నిశ్చింత. అదే ఊళ్లో ఒక అవ్వ మాట వేరు: "భూమి ఉన్నోళ్లకు గుత్త వస్తాది. కలుపు తీసేది పోయ, కాయ ఒలిచేది పోయ. మాకేముంది?" జీవాలు మేపేవాళ్లకు బీడు పోయింది, కంచె చుట్టూ తిప్పుకుని పోవాలి. కావలి పని, గడ్డి కోసే పని, పలకలు కడిగే పని కొందరికి దొరికాయి. అందరికీ దొరకలేదు.

ఇక్కడ పరాయి రాజు లేడు. ఆ పెద్దాయన చెప్పిందీ నిజం, అవ్వ చెప్పిందీ నిజం, ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు. ఇట్లాంటి కథ చెప్పడం స్టోర్‌టోర్యెట్ కథ చెప్పడం కన్నా చాలా కష్టం.

ఇంకా కష్టమైన చోటు వెంకటమ్మనహళ్లి. 2005 ఫిబ్రవరిలో అక్కడి బడిలో మకాం వేసిన రిజర్వు పోలీసుల మీద నక్సలైట్లు రాత్రివేళ దాడి చేశారు. అంతకు కొన్నాళ్ల ముందే చిక్కమగళూరు జిల్లాలో నక్సలైట్ నాయకుడు సాకేత్ రాజన్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఇక్కడ పోలీసులు చనిపోయారు, కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. ఇప్పటికీ మా వైపు ఆ మాటొస్తే గొంతు తగ్గుతుంది. చనిపోయినవాళ్లు ఎక్కడెక్కడి ఊళ్లనుంచో పొట్టకూటికి వచ్చిన జవాన్లు. వాళ్ల పిల్లలు ఎప్పుడైనా ఆ బడి చూడాలని వస్తే ఏం వినిపించాలి? ఎవరు వినిపించాలి?

ఐదువందల ఏళ్లు గడిచాక స్వీడన్‌వాళ్ల దగ్గర రాతప్రతులున్నాయి, పరిశోధకులున్నారు, శిక్షణ పొందిన మంచి గొంతులున్నాయి. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మనకు చూసినవాళ్లు ఉన్నారు. అదే చోట నిలబడి, ఇక్కడే అని వేలు పెట్టి చూపించగలవాళ్లు. వాళ్లలో చాలామంది ముసలివాళ్లు. కాలం గడిచి మాట తేలికపడే దాకా ఆగుదామంటే ఆ మాట ఉన్నవాళ్లే ఉండరు. నాకు ఇప్పుడు తొందరగా ఉన్నది ఇందుకే.

అందుకే రికార్డు చేయడం మొదలుపెట్టాను. మా ఇళ్లలో తెలుగు, బోర్డుల మీద, ఆఫీసుల్లో కన్నడ, కాబట్టి ఎవరికి ఏది వస్తే అందులోనే మాట్లాడమంటున్నాను. గొంతు బయటికి పోతే ఊళ్లో ఇబ్బంది అనుకునేవాళ్లను బలవంతపెట్టడం లేదు, పేర్లు వేయడం లేదు. అవ్వ తన పెరట్లో కూర్చుని మొత్తం చెప్పింది, మధ్యలో రెండుసార్లు ఆపి, భూమి ఉన్నోళ్లను తిట్టినట్టు పెట్టొద్దని చెప్పింది. పెద్దాయన కంచె బయటనుంచి చెప్పనన్నాడు. తన చేనులో నిలబడే చెబుతానన్నాడు. పట్టా ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, లోపలికి పోవాలంటే మాత్రం అనుమతి కావాలి. మా ఇద్దరి పేర్ల మీద అర్జీ రాశాను, సోమవారం ఆయన సంతకం తీసుకోవాలి.