గుర్రపుడెక్కయు గృహస్థధర్మమును

చెరువులో తన రేవు వరకు గుర్రపుడెక్కను పెరికి గట్టున వైచిన గృహస్థునకు ఆనాటితో ధర్మము తీరినదా?

దక్షిణ అమెరికాలో పుట్టి, పూవుల సొగసుచే దేశదేశములకు కొనిపోబడిన ఈ మొక్క వంగదేశపు జలాశయములను, కాలువలను క్రమ్మివేయగా, 1936లో అచట చట్టమే యేర్పడినది: ఎవరి నీటిలోని దానిని వారే తొలగింపవలెను. చట్టము హద్దుల నెరుగును, నీరెరుగదు. పొరుగువాని రేవునుండి గాలి ఒక్క పిలకను త్రోసికొనివచ్చినను చాలును. అనుకూలమైన నీటిలో ఈ కలుపు సుమారు రెండు వారములలో రెట్టింపగును. విత్తనములన్ననో, బురదలో 15, 20 ఏండ్లవరకు చావక పడియుండును. కావున ఈ పనికి ముగింపు లేదు. ఫలమును చూచి దిగినవాడు మరుసటి యేటికే విసుగుచెందును. అతనిని తేలికగా నిందింపరాదు. మోకాలిలోతు బురదలో ఆ తడిబరువును మోసినవారికే ఆ విసుగు తెలియును.

ఇంతకంటె కఠినమైన విషయము వేరొకటి కలదు. ఈ కలుపును పోషించునది ఇండ్లనుండి, పొలములనుండి చెరువున చేరు మురుగును, ఎరువుల సారమును. ఉదయమున ఊరివారితో కూడి మొక్కను పెరికినవాడే, సాయంకాలమున తన యింటి మురుగును అదే నీటిలోనికి విడుచుచుండును. చేతులు చెరువునకు సేవచేయుచున్నవి. ఇల్లు కలుపునకు అన్నము పెట్టుచున్నది. దీనిని కనుగొనుటకు అధికారి రానక్కరలేదు. తన పెరటికాలువ ఎచటికి పోవుచున్నదో ఆ గృహస్థునకు తెలియును.