నేటాల్ రేవున దిగినవారు



ఆడి కృత్తికనాడు కావడు లెత్తుకొని తిరుత్తణి కొండకు 365 మెట్లు ఎక్కి వచ్చు జనసమూహమును మీలో పెక్కుమంది చూచియుందురు. ఆ సమూహములో ఒకరై ఎక్కినవారును ఉందురు. ఆ కొండమీది సుబ్రహ్మణ్యేశ్వరునకే మ్రొక్కుకొని, పసుపుబట్ట కట్టి, తైపూసమునాడు కావడి నెత్తు భక్తులు ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున, దర్బన్ నగర పరిసరములలో, నేటికిని వేలకొలది ఉన్నారు. వారిలో కొందరి ముత్తాతలు ఈ ప్రాంతము విడిచి ఓడ యెక్కినవారే. వా రంత దూరమునకు ఏల వెళ్ళిరో, వెళ్ళి యేమైరో, ఈ ఉదయమున కొంతసేపు తలచుకొందము.

ఆఫ్రికా భూమి దక్షిణమున ముగియుచోటు అగుల్హాస్ అగ్రము. దానికి ఈశాన్యముగ, హిందూమహాసముద్రపు ఒడ్డున, దర్బన్ నగరము గల నేటాల్ సీమ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున ఇంగ్లీషువారు ఆ తీరమున చెరకుతోటలు వేసిరిగాని, తమకంటూ పశువులును పొలములును గల జూలూ ప్రజలు ఆ తోటలలో చాలీచాలని కూలికి ఏడాది పొడుగునా పనిచేయుటకు సమ్మతింపలేదు. అంతట తోటల యజమానుల దృష్టి మన దేశముమీద పడెను. 1860 అక్టోబరులో ట్రూరో అను ఓడ మద్రాసు రేవు విడిచి, సుమారు ఐదు వారములు సముద్రముమీద నడచి, నవంబరు 16న 342 మందిని నేటాల్ రేవున దించెను. నడుమ కొన్నియేండ్లు ఆగినను, 1911లో భారత ప్రభుత్వము ఈ వలసను నిలిపివేయువరకు, అట్లు వెళ్ళినవారు 1,52,000 మందికి పైబడిరి. అందులో సుమారు మూడింట రెండువంతులు మద్రాసున ఓడ యెక్కినవారు, తమిళులు, తెలుగువారు. వారి పట్టికలలో ఉత్తరార్కాటు జిల్లా పేరు మాటిమాటికిని కనబడును. నేటి తిరుత్తణి ప్రాంతము ఆనాడు ఆ జిల్లాలోనిది, కార్వేటినగరము జమీందారీకి చెందినది. తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండెను.

ఈ ప్రాంతపు సేద్యమెల్ల చెరువులమీద ఆధారపడినది. వాన తప్పినయెడల చెరువు నిండదు, చెరువు నిండనియెడల భూమిలేనివానికి కూలి దొరకదు, కూలి దొరకనినాడు పిల్లలకు గంజి యైనను ఉండదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని కాల్చివేసిన ధాత కరువులో ఎన్ని ఊళ్ళు ఖాళీయైనవో మన పెద్దలు చెప్పగా వినినవారు ఇంకను కొందరుందురు. అట్టి దినములలో కూలీలను కుదుర్చు మేస్త్రీలు సంతలకును తిరునాళ్ళకును వచ్చి, సముద్రము దాటినచో నెలజీతము, బియ్యము, బట్ట దొరకునని చెప్పెడివారు. వెళ్ళినవారందరును వారి మాటలకు మోసపోయినవారే యని కొందరు వ్రాయుదురు. అది నాకు సమ్మతము గాదు. మోసపోయినవారు ఉన్నారు, సందేహము లేదు. కాని అప్పులవాని బాధ సహింపలేక వెళ్ళినవారు, ఊరిలో మనిషిగా చూడబడక వెళ్ళినవారు, భర్త పోయి దిక్కులేక ఒంటరిగ ఓడ యెక్కిన స్త్రీలు, వీరందరు తమకు తెలిసినంతలో ఆలోచించుకొనియే అడుగు ముందుకు వేసిరి. దూరదేశమున ఏమున్నదో వారికి తెలియదు, నిజమే. ఇంటివద్ద ఏమున్నదో మాత్రము బాగుగ తెలియును.

1856లో రాయపురమునుండి వాలాజా వరకు వేసిన ఇనుపదారి తిరువళ్ళూరు మీదుగనే పోవును. అమావాస్యనాడు వీరరాఘవస్వామి కోనేరైన హృత్తాపనాశినిలో స్నానమాడ వచ్చు యాత్రికులను దింపిన దారి యదే. ఈ పల్లెలవారికి మద్రాసు రేవును దగ్గర చేసినదియు అదే. మద్రాసున వారిని ఒక డిపోలో ఉంచి, వైద్యుడు పరీక్షించిన పిమ్మట, ఒక్కొక్కరిని పట్టికలో వ్రాసికొనెడివారు. ఆ పట్టికను గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. అందులో మొదట ఒక సంఖ్య; పిదప పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము; చివరకు ఒంటిమీది పుట్టుమచ్చ, గాయపు గుర్తు. ఇంటిపేరు వ్రాయుటకు మాత్రము అందులో గడి లేదు. తెలియని భాషలో చెప్పిన ఊరిపేరును గుమాస్తా తనకు వినబడినట్లు ఇంగ్లీషున వ్రాసికొనెను. తోట యజమానికి అది తాను తెప్పించుకొనిన కూలీల లెక్క. కాని నేడు దర్బన్‌లో భద్రముగ నున్న ఆ పుటలు, అక్కడి మునిమనుమనికి తన వంశము ఎక్కడిదో తెలుపు ముఖ్యమైన ఆధారము. ఒక మనుష్యుని జీవితమంతటినుండి మిగిలినది ఒక పేరు, ఒక ఊరు, ఎడమచేతి మీది ఒక మచ్చ అన్నప్పుడు, ఆ మచ్చను వ్రాసికొన్న గుమాస్తాకు సైతము నమస్కరింపవలె ననిపించును.

నేటాలులో వారి ఒప్పందము ఐదేండ్లు. మొదటియేట నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటేట ఒక్కొక్క షిల్లింగు ఎక్కువ. భోజనమునకు బియ్యము, పప్పు, ఉప్పు. అనుమతిచీటి లేక తోట హద్దు దాటరాదు. చెరకు ఆడుకాలములో తెల్లవారకముందే మొదలైన పని చీకటి పడినను ముగిసెడిది కాదు. మొదటి ఒప్పందములు తీరి 1871లో మద్రాసునకు తిరిగివచ్చినవారు తాము పడిన బాధలు చెప్పుకొనగా ప్రభుత్వము విచారణ జరిపించెను. 1866లోనే ఆగిన వలస 1874 వరకు తిరిగి సాగలేదు. 1894లో బాలసుందరమను తమిళ కూలివాడు యజమాని కొట్టగా పండ్లు విరిగి, నెత్తురోడుచు, గాంధీ యను యువ న్యాయవాది యెదుట నిలిచెను. ఆ మరుసటియేట చేసిన శాసనమొకటి, ఒప్పందము తీరినపిమ్మట అక్కడనే నిలువగోరు ప్రతివాడును ఏటేట మూడు పౌనులు పన్ను కట్టవలెనని విధించెను. మూడు పౌనులనగా, మొదటియేటి కూలి లెక్కన, ఆరునెలల జీతము! ఆ పన్ను భార్యకును కలదు, 16 ఏండ్లు నిండిన కుమారునకును 13 ఏండ్లు నిండిన కుమార్తెకును కలదు. 1913లో బొగ్గుగనులలో ఆరంభమై చెరకుతోటలకు ప్రాకిన మహాసమ్మె, 1914లో ఆ పన్నును రద్దు చేయించెను. ఆ సమ్మెకు గాంధీగారి పేరు పెట్టుట న్యాయమే. కాని తమ ఒంటిమీది బట్ట తప్ప మరేమియు లేక, పిల్లలను చంకనెత్తుకొని, గని విడిచి నడచిన ఆ కూలీలు లేనిదే ఆ పోరాటమున కంత బలము వచ్చియుండదు. వారిలో మన తెలుగువారును ఉన్నారని మనము గర్వింపవచ్చును.

ఆ పోరాటపు కథకు తిరుత్తణితో మరియొక ముడియును కలదు. నేటాల్ ఓడలు ఇంకను సాగుచున్న కాలముననే, 1888లో, తిరుత్తణిలోని ఒక తెలుగు కుటుంబమున సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు జన్మించెను. గాంధీగారి డెబ్బదవ జన్మదినమునకై 1939లో ఆయన సంకలనము చేసిన వ్యాసగ్రంథమునందు, దక్షిణాఫ్రికాలో గాంధీని చెరలో పెట్టించిన స్మట్స్ సేనాని కూడ ఒక వ్యాసము వ్రాసెను. చెరసాలలో గాంధీ తన చేతితో కుట్టి తనకు కానుకగ నిచ్చిన చెప్పుల జతను అతడందులో స్మరించెను.

పన్ను పోయినను, అక్కడ మిగిలిపోయినవారి బ్రతుకు సుఖపడలేదు. వర్ణవివక్ష తరతరములు వారిని వెంటాడెను. అయినను వారు గుడులు కట్టుకొనిరి, బడులు పెట్టుకొనిరి. 1929 మొదలు 1932 వరకు మన కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారు భారత ప్రభుత్వ ప్రతినిధిగ దక్షిణాఫ్రికాలో ఉండిరి. ఆ కాలముననే, 1931లో, అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి. 1996లో ఆ దేశము తయారుచేసికొన్న రాజ్యాంగపు ఆరవ ప్రకరణములో, గౌరవింపవలసిన సమాజభాషలలో ఒకటిగ తెలుగు పేరు స్పష్టముగ వ్రాయబడియున్నది. ఒక్క రూపాయి చేతలేక ఓడ దిగిన కూలీల భాషకు మరియొక ఖండపు రాజ్యాంగమున స్థానము లభించినదనిన వార్తను మన బడులలో పిల్లలకు చెప్పవలెను. అక్కడి యిండ్లలో నేడు వినబడునది చాలవరకు ఇంగ్లీషే. తెలుగు పూజలోను, పెండ్లిపాటలోను, పేరు చివరి నాయుడులోను రెడ్డిలోను నిలిచియున్నది. తమిళమునకు తోడుగ తెలుగును నిలుపుకొనుట ఎంత శ్రమతో కూడినదో తిరుత్తణివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ కుటుంబములవారు కొందరు తమ పూర్వుల గ్రామమును వెదకుకొనుచు మన దేశమునకు వచ్చుచున్నారు. వారి చేతిలోని నకలులో ఉత్తరార్కాటు జిల్లా యని యుండును. ఆ పేరుతో నేడు జిల్లా లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరెను; 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమునకు మారెను; పిదప చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా దానిలోనికి వచ్చెను. మిగిలిన ఉత్తరార్కాటు 1989లో రెండుగ చీలెను. కావున నకలును నమ్మి వేలూరులో విచారించువానికి, తిరుత్తణి ప్రక్కనున్న తన ఊరు దొరకకపోవుటలో వింత లేదు.

అట్టివారెవరైనను మీ ఊరి రచ్చబండ వద్దకు వచ్చినయెడల, తెలియదని వెంటనే పంపివేయకుడు. కాగితములోని పేరును రెండుమూడు విధములుగ పలికి చూడుడు. దగ్గరి పల్లెల పాతపేర్లు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఊరిలోకెల్ల వృద్ధులెవరో వారివద్దకు తీసికొనిపొండు. గ్రామదేవత గుడి చూపుడు. మీ యింటిలోనే, మద్రాసుకు పోయి తిరిగిరాని తాత సోదరుని మాట ఎవరైనను చెప్పియున్నచో, ఆ పేరు, అతని తండ్రి పేరు, మీ ఇంటిపేరు, తెలిసినంతవరకు సంవత్సరము ఒక కాగితముమీద నేడే వ్రాసి యుంచుడు. ఆ పట్టికలో లేని ఇంటిపేరు మీవద్దనే ఉన్నది.