నీటి ఒడ్డున బాధ్యత ఎవరిది?



మారిషస్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందిన నేను ప్రస్తుతం కువైట్‌లోని మిష్రిఫ్‌లో, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. నా తెలుగు సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నది. భాషలో దోషాలుంటే మన్నించండి. ఈ వ్యాసంలో నేను చేసిన మరొక దోషం కూడా ఉన్నది. దానిని మన్నించమని మాత్రం అడగను.

గత వేసవిలో ఒక సాయంకాలం, ఇక్కడి ఒక ఇంటి ఆవరణలో ఈతకొలను ప్రక్కన నాలుగైదు కుటుంబాలవారం భోజనాలకు కూడాము. ఆ ఇంట్లో రాజంపేట ప్రాంతం నుంచి వచ్చిన ఒక తెలుగు స్త్రీ పని చేస్తున్నది. "బాబును కాస్త చూస్తూ ఉండు" అని ఆమెకు చెప్పారు. కొద్దిసేపటికే టీ తెమ్మని కూడా చెప్పారు. ఆమె లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలలో మూడేళ్ళ బాబు నీటిలోకి జారిపోయాడు. అరుపు లేదు, పెద్ద చప్పుడు లేదు. ఆడుకుంటున్న ఒక పెద్ద పిల్ల చూసి బయటికి లాగింది. బాబు దగ్గాడు, ఏడ్చాడు, దైవకృప వలన కోలుకున్నాడు.

అప్పుడు అందరూ ఆమె వైపు తిరిగి, "నువ్వేం చేస్తున్నావు?" అని గద్దించారు. ఆమె టీ పళ్ళెం పట్టుకొని తల వంచుకొని నిలబడింది. నిజానికి కొలనుకు అందరికంటె దగ్గరగా, పది అడుగుల దూరంలో, వార్తాపత్రిక చదువుతూ కూర్చున్నవాణ్ణి నేను. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు.

నీటి ఒడ్డున జరిగే కీడుకు బాధ్యులెవరు? దగ్గర ఉన్నవారా, పని అప్పగించబడినవారా, లేక పని అప్పగించినవారా?

ఈ ప్రశ్న న్యాయస్థానాల ముందుకు కూడా వచ్చింది. 1995లో పంజాబ్‌లోని పఠాన్‌కోట్ సమీపంలో ఒక పాఠశాల పిల్లలను బియాస్ నదీతీరానికి విహారానికి తీసుకొని వెళ్ళగా, 14 మంది మునిగిపోయారు. 2001లో భారత సుప్రీంకోర్టు పాఠశాలదే బాధ్యత అని తేల్చి, ఒక్కొక్క బిడ్డకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని సమర్థించింది. జాగ్రత్త కలిగిన తల్లి లేక తండ్రి తన బిడ్డను ఎట్లా చూసుకుంటారో, ఉపాధ్యాయుడు అట్లా చూసుకోవాలన్నది ఇటువంటి వ్యాజ్యాలలో చిరకాలంగా వస్తున్న కొలమానం. ఉపాధ్యాయుడిగా నేను ఈ వాక్యాన్ని చాలాసార్లు తలచుకున్నాను.

అదే బియాస్ నది 2014 జూన్ 8న మన తెలుగు బిడ్డలను పొట్టన పెట్టుకున్నది. హైదరాబాదులోని వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల నుంచి హిమాచల్ ప్రదేశ్‌కు యాత్రకు వెళ్ళిన విద్యార్థులు మండీ జిల్లాలో నదిలోకి దిగి ఛాయాచిత్రాలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి వదలిన నీరు ఒక్కసారిగా వచ్చి పడింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయలు, వడ్డీతో సహా చెల్లించాలని తీర్పు చెప్పింది. అందులో విద్యుత్ బోర్డు నూటికి 60, కళాశాల 30, రాష్ట్ర ప్రభుత్వం 10 వంతులు భరించాలి.

ఈ లెక్క న్యాయమైనదే. పరిహారం సొమ్ము కనుక దానిని పంచవచ్చు. అయితే 60, 30, 10 కలిపితే నూరు పూర్తి అయింది కనుక ఇక ఎవరికీ ఏమీ మిగలలేదని అనుకుంటే పొరపాటు. అన్నదమ్ములు పొలాన్ని వాటాలు వేసుకోవచ్చు. ముసలితల్లిని చూసుకునే బాధ్యతను మాత్రం వాటాలు వేసి తగ్గించుకోలేరు. ముగ్గురు కొడుకులున్నా ఆ బాధ్యత ఒక్కొక్కరికీ పూర్తిగానే ఉంటుంది. నీటి ఒడ్డున బాధ్యత అటువంటిది.

"వాడికి నూరేళ్ళు నిండాయి" అని మన పెద్దలు అంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఓదార్పు. గేటు మూయనివాడి నోట అదే మాట వస్తే అది తప్పించుకోవడం. నా పూర్వీకులు ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కి మారిషస్ చేరారు. మా వారిని అక్కడ చాలాకాలం 'కొరింగీలు' అన్నారు. అది కోరంగి రేవు పేరు. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన వచ్చి ఆ కోరంగిని నాశనం చేశాయి. ఆనాడు ముందుగా తెలుసుకొని హెచ్చరించే సాధనం లేదు. కనుక దానిని విధి అనవచ్చు. లార్జీ దగ్గర నీరు వదలుతున్నామన్న సంగతి వదిలేవారికి తెలుసు. తెలిసిన చోట విధి వెనుక దాగడానికి వీలు లేదు. ఎవరికి ఎంత తెలుసో, ఎవరి చేతిలో ఎంత అధికారం ఉన్నదో, అంత బాధ్యత వారిది.

ఈ కొలమానంతో మిష్రిఫ్ కొలనును చూడండి. ఆ స్త్రీకి ఒకే సమయంలో రెండు పనులు అప్పగించారు. కాదనే అధికారం ఆమెకు లేదు. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని అది చెబుతుంది. అలసిన కళ్ళు బిడ్డను కాపాడలేవు. తోటల్లో పనిచేసిన మా ముత్తాతల కాలంలో కూడా ఏ నష్టం జరిగినా నింద ముందుగా కూలివాడి మీదనే పడేది. వారి మునిమనుమడినైన నేను, ఆ సాయంకాలం పత్రిక చాటున కూర్చొని అదే జరగనిచ్చాను.

మరునాడు వెళ్ళి ఆమెకు క్షమాపణ చెప్పాను. "మీరేం చేస్తారు లెండి సార్, పెద్దవారు" అన్నది. ఆ మాట నన్ను ఊరడించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో చాలామంది పిల్లలు. ఆ ఏడే ఐక్యరాజ్యసమితి జూలై 25ను ఈ మరణాల నివారణ దినంగా ప్రకటించింది. భారతదేశంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యం వలన ప్రాణం పోతే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. కానీ శిక్ష వచ్చేది బిడ్డ పోయిన తరువాత. జాగ్రత్త ముందు రావాలి.

తల్లిదండ్రులారా, మునిగేవారు సినిమాలో వలె కేకలు వేయరు. ఊపిరికే చాలని నోరు పిలవలేదు. చిన్నబిడ్డకు స్నానాలగదిలోని బకెట్ నీరు చాలు. కొలనుకు నాలుగు వైపులా కంచె, దానంతట అదే మూసుకొనే గేటు ఉండాలి. ఊళ్ళకు వెళ్ళినప్పుడు సంపు మూత, బావి గట్టు చూసుకోండి. పిల్లలకు ఈత నేర్పించండి. మన పల్లెల్లో సొరకాయ బుర్రలు నడుముకు కట్టి నేర్పేవారు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకకండి. తాడో, కర్రో, చీరో అందించండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం ఉన్నది. పిల్లలు నీటి దగ్గర ఉన్నంతసేపు ఒక పెద్దవారు మరే పనీ చేయకుండా చూస్తూ ఉండాలి. లేవవలసి వస్తే మరొకరి కళ్ళలోకి చూసి అప్పగించాలి. వారు "ఇప్పుడు నేను చూస్తున్నాను" అని పైకి అనాలి. ఆ మాట వినేవరకు కదలకూడదు. మా మనుమడు కూడా దీనిని తెలుగులోనే నేర్చుకున్నాడు. మొన్న నేను కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటే, "తాతయ్యా, ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడు.

"నేనే చూస్తున్నాను నాయనా" అన్నాను.